కోటయ్య అరికాలు

నిన్న పొద్దున్నే ఫోన్. కోటయ్య బావమరిది వెంకట్రావు.

"మాస్టారూ, బావ పోయాడండీ" అన్నాడు. కాసేపు ఏడ్చాడు. తర్వాత, "ఈ ఏడు కళ్లాలకి ఎవర్ని పిలవాలో ఏంటో" అన్నాడు.

ఫోన్ పెట్టేసి వాళ్లింటికి బయల్దేరాను.

కోటయ్య నా చిన్ననాటి క్లాస్‌మేట్. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లోనే మిర్చి రైతు. కొన్నేళ్ల కిందట అతని ఎడమ అరికాల్లో ఒక నల్ల మచ్చ లేచింది. అదే ఏడు, వెంకట్రావు మిరపకాయలు ఆరబోసే కళ్లంలో మొదటి అడుగు కోటయ్య వేశాడు. రేటు పెరిగింది.

గుంటూరు మిర్చి యార్డులో ఆ ఏడు అందరికీ పెరిగింది. నేనా మాట అంటే ఎవరికీ వినపడలేదు.

ఆ మచ్చ వల్లే కోటయ్య కాలు మంచిదని ఊరు తేల్చేసింది. కళ్లాలకి, కొత్త షాపులకి, బోరు వేసే చోటికి చెప్పులు విప్పించి తీసుకెళ్లేవారు.

మచ్చ పెరిగింది. అదృష్టం పెరుగుతోందన్నారు.

నేను చూశాను. అంచు ఒక పక్క సిరా పాకినట్టు ఉంది. ఒకచోట నలుపు, ఒకచోట గోధుమ రంగు.

"ఏరా కోటీ, ఇది పుట్టుమచ్చ కాదురా. స్కిన్ డాక్టర్‌కి చూపిద్దాం పద."

"నువ్వు డాక్టరీ పుస్తకం తెరిస్తే ఎవడో ఒకడు చావాల్సిందేరా" అని నవ్వాడు. కానీ వచ్చాడు.

గుంటూరులో డాక్టరమ్మ చిన్న ముక్క తీసి టెస్టుకి పంపింది. మెలనోమా. చర్మ క్యాన్సర్. "ఇంకా లోతుకి పోలేదు. ఇప్పుడే తీసేస్తే బతికే అవకాశం బాగా ఉంది. ఆలస్యం చేయకండి" అంది.

ఆ సాయంత్రమే వెంకట్రావు నలుగురు రైతుల్ని వెంటేసుకొచ్చాడు.

"కాయ కళ్లాల్లోకి దిగుతోంది బావా. ఈ ఒక్క సీజన్ కానీయ్. కోసిన కాలితో ఎవరి కళ్లంలో అడుగు పెడతావ్?"

కోటయ్య జీవితంలో ఊరికి అతను అవసరపడింది ఆ మచ్చ వచ్చాకే. ఆపరేషన్ ఇప్పుడు వద్దని ఆగిపోయాడు.

ఒక రోజు పొద్దు పొడుస్తుండగా చూశాను. మంచు ఇంకా విడలేదు. ఎర్రటి కాయల మీద అతను నడుస్తున్నాడు. చుట్టూ జనం. ఒక్కరూ అతని ముఖం చూడటం లేదు. అందరి చూపూ కాలి మీదే.

అతను దాటాక ఒక కాయ తీశాను. తడిగా ఉంది. వేళ్లకి రక్తం అంటింది.

ఆ ఎరుపులో అది ఎవరికీ కనపడలేదు.

సీజన్ అయ్యేసరికి గజ్జల్లో గడ్డ. తర్వాత ఊపిరితిత్తులు. ఇక కోసి లాభం లేదన్నారు.

వెంకట్రావూ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. చదువు.

మిగతావాళ్లు ఈ రోజు స్నానం చేసేటప్పుడు అరికాళ్లు, వేళ్ల మధ్య, గోళ్ల కింద చూసుకోండి. మన రంగు చర్మానికి ఇది ఎండ తగలని చోట కూడా వస్తుంది. కొత్త మచ్చ, పెరిగే మచ్చ, రక్తం కారే మచ్చ ఉంటే డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

నిన్న వాళ్లింట్లో, వచ్చినవాళ్లు ముఖం మీద గుడ్డ తీయలేదు. కాళ్ల వైపు ఎత్తి చూశారు. ఒకాయన జేబులోంచి మిరప విత్తనాల పాకెట్ తీసి, ఆ చల్లటి అరికాలికి ఆనించాడు. వెనక నిలబడ్డ ఇద్దరి చేతుల్లోనూ పాకెట్లున్నాయి.

కోటయ్య భార్య నాగమణి లేచింది.

"ఇంకా ఏం కావాలయ్యా మీకు?"

లోపలికెళ్లి అతని సాక్సులు తెచ్చింది. రెండు కాళ్లకీ తొడిగి, పైదాకా లాగి, అక్కడే కూర్చుంది. పాడె లేచేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

కోటీ, ఇక నిన్నెవరూ ఎక్కడికీ నడిపించరు. హాయిగా పడుకోరా.