ముల్లు నిలిచిన రోజు

జగిత్యాల దగ్గర ఇంజనీరింగు చదివి, ఇప్పుడు కరెంటు యంత్రాలను పరీక్షించే కొలువు చేస్తున్న మా మనవరాలు మొన్న సెలవుకు వచ్చినప్పుడు తన పనేమిటో చెప్పింది. ఊళ్లకు ఊళ్లు కరెంటు పంచే లైనంతా కంప్యూటర్లో ఉత్తుత్తిగా నడుస్తుందట, దానికి కలిపి పరీక్షించే డబ్బా ఒక్కటే నిజమైనదట. డబ్బా ఏం చేసినా కంప్యూటరు అప్పటికప్పుడు జవాబివ్వాలట, రవ్వంత ఆలస్యమైనా రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ ఊగిపోతాయట.

"ఊగకుండ మెత్తగ చేయొచ్చు అమ్మమ్మా, కానీ అప్పుడు పరీక్ష అబద్ధం చెప్తది" అన్నది.

నాలుగో తరగతితో బడి మానిన నేను ఒక్క ప్రశ్నా వేయకుండా లేచి పొయ్యి దగ్గరికి పోతే, నాకేమీ ఎక్కలేదనుకుంది పిచ్చిపిల్ల.

ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాట నడుస్తున్న రోజులవి. మా ఆయనకు కోరుట్లలో మోటార్లకు తీగ చుట్టే దుకాణం ఉండేది. బందులు, సమ్మెల నడుమ కరెంటు ఎప్పుడొచ్చేదో తెలియదు, వచ్చినా నీరసంగా వచ్చి మోటార్లను కాల్చేది. అందుకని కరెంటు మరీ తగ్గితే మోటారును తనంతట తానే ఆపేసే డబ్బా ఒకటి ఆయన తయారు చేశారు. సిరిసిల్లలో నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుకునే మా తమ్ముడు మొదటి డబ్బా తనకే కావాలని వచ్చి కూర్చున్నాడు. సమ్మె విరమించారు, తెల్లారితే తమ వీధిలో సాంచాలన్నీ ఆడతాయని వాడి తొందర.

"ఇంకెంతసేపు బావా? నువ్వు పరీక్ష పెడ్తున్నవా, పెండ్లి చేస్తున్నవా?"

"మీ అక్కనడుగు. చెయ్యి ఆమెది, నోరే నాది."

నిజంగానే అంతే. ఆయన మీటరు ముల్లు మీంచి కన్ను తీయకుండా మోటారు ఎంత లాగుతున్నదో అరిచి చెప్పేవారు. వెనక కూర్చున్న నేను ఆ మాట విని చక్రం తిప్పి, సిరిసిల్ల లైను ఎట్లా కుంగి లేస్తుందో అట్లా కరెంటును తగ్గించాలి, పెంచాలి. ఆయన చెప్పి నేను తిప్పేలోపే మోటారు సంగతి మారిపోయేది. నేను తగ్గించేసరికి పెంచాల్సిన వేళయ్యేది, ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకు ఊగేది, ఫ్యూజు టప్పున పోయేది. మూడోసారి పోయేసరికి, అగ్గిపుల్ల వృథా అయినా ఓర్వని నాకు ఒళ్లు మండింది. ఆయన ఎంత అరిచినా చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పడం మొదలుపెట్టాను. ముల్లు నిలిచింది. కరెంటు తగ్గినచోట డబ్బా టక్కున మోటారును ఆపింది.

"గిప్పుడు కుదిరింది నీ చెయ్యి" అన్నారు, వెనక్కి చూడకుండానే. పెళ్లయినప్పటి నుంచి ఆయన నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే. కాదనలేదు.

మర్నాడు తమ్ముడు డబ్బా బిగించుకున్నాక, వీధిలోని సాంచాలన్నీ ఒక్కసారే కదిలేసరికి కరెంటు మెల్లగా కుంగలేదు, కూలిపోయింది. డబ్బా తడబడింది, ఆపలేదు. మోటారు కాలి, సాంచా కింద పేరుకున్న దూదికి మంటంటుకుంటే తమ్ముడు ఉత్త చేతులతో ఆర్పాడు. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. తెగిన పోగును అతకలేని నేతగాడికి సాంచాలెందుకు? నాలుగూ అమ్మేసి బోయినపల్లిలో ఎవరి గోదాముకో కావలి పోయాడు.

"నా రాత గిట్లున్నదక్కా, బావనేమనకు" అనేవాడు, కలిసినప్పుడల్లా.

మా ఆయన ఆ డబ్బాను తెచ్చుకుని ఎన్నిసార్లు విప్పి చూశారో! ప్రతి తీగా దాని చోటనే ఉంది. "ఎక్కడ తప్పు చేసిన్నే నేను?" అని అడిగితే, నేను బియ్యంలో రాళ్లేరుతూ కూర్చున్నాను. చక్రం అంత మెల్లగా తిప్పానని ఒక్క మాటంటే సరిపోయేది. ఆయన మళ్లీ డబ్బా చేయలేదు. ఆయన పోయారు, రెండేళ్లకు తమ్ముడూ పోయాడు.

ఇప్పుడు కరెంటు పోవడమే వింత. మనవరాలి కంప్యూటరు ఏ క్షణాన ఏం చేసిందో తానే రాసిపెట్టుకుంటుందట, ఎవరడిగినా చూపిస్తుందట. మా రోజుల్లో మనిషి నోరు విప్పితేనే తెలిసేది. ఆయనా, తమ్ముడూ కోపం వచ్చినా రెండు రోజుల్లో మరిచిపోయే మనుషులు, అన్నేళ్లు నా ఎదుటే ఉన్నారు.