చీర పొడవున మూడు పాయింట్లు

కొత్త సింథటిక్ చీర మడత విప్పితే వచ్చే వాసన, కాస్త గంజి, కాస్త మిషను నూనె, కాస్త వేడెక్కిన ప్లాస్టిక్కు, లోకంలో ఎవరికీ బాస్కెట్‌బాల్‌ను గుర్తు చేయదు. నాకు చేస్తుంది. మొన్న అమ్మ ఒకటి విప్పి దులుపుతుంటే నా కుడి మణికట్టు దానంతటదే ముందుకు వంగింది. అమ్మ నరాల డాక్టరుకు చూపిద్దామంది.

ఉగాది నాడే దేశానికి తాళం పడ్డ ఏడాది మేం సూరత్‌లో, బమ్రోలిలో ఉన్నాం. మామిడికాయ దొరక్క పచ్చడిలో నిమ్మకాయ పిండుకుని, భక్ష్యాలు తిని పడుకున్నాం. మా నాన్నలు నడిపే కరెంటు మగ్గాలు, మేం సాంచలు అంటాం, ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ మోతలోనే పడుకున్న మాకు నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదు. సాంచల మధ్య అరిచి అరిచి అలవాటైన నాన్నలు మాత్రం ఆ నిశ్శబ్దంలోనూ అరిచే మాట్లాడేవాళ్లు. ఎవరింట్లో కూరలో ఉప్పు తక్కువైందో గల్లీ మొత్తానికి తెలిసేది.

పై అంతస్తు రజితక్క నాకంటే మూడేళ్లు పెద్దది. ఆన్‌లైన్ క్లాసుకని కొన్న ఆమె ఫోనులో క్లాసు తప్ప అన్నీ బాగా వచ్చేవి. అట్లా అమెరికా బాస్కెట్‌బాల్ మా డాబా మీదికి వచ్చింది. ఆటగాళ్ల పేర్లకు నోరు తిరగక మేమే పేర్లు పెట్టుకున్నాం. మిగతా తాడిచెట్ల మధ్య పొట్టిగా కనిపించేవాడు నా బుడ్డోడు. కోర్టు సగం నుంచి విసిరి, బంతి పడకముందే వెనక్కి తిరిగి నడిచిపోయేవాడు. అక్క మనిషి ఇస్త్రీ అన్న. వందసార్లు వేసినా అదే మోకాలి వంపు, అదే మోచెయ్యి, బంతి పడేదాకా గాల్లో అట్లాగే నిలిచిపోయిన చెయ్యి, నలగని చొక్కాలాంటి ఆట.

"నీ బుడ్డోనివి అన్నీ నాటకాలే రా. పడుతదో లేదో జూడకుంట పోతడా ఎవడన్న?"

"పడుతదని ఎర్కనే గదక్కా, ఇంకేం జూడాలె?"

వేసవంతా ఇదే వాదన. కరోనాకు మందు కనిపెట్టేవాళ్లు కూడా ఇంత పట్టుదలగా వాదించుకుని ఉండరు.

మా బంతి చిందీ బంతి, అంటే చీరల ఫ్యాక్టరీలో కత్తిరించి పారేసే పీలికల ముద్ద. నేలకేసి కొడితే అక్కడే కూర్చునేది. అందుకే మా డాబా మీద బంతి కొడుతూ పరుగెత్తే ఆటగాళ్లు పుట్టలేదు, అందరం షూటర్లమే. నీళ్ల ట్యాంకు పైపుకు పాత టేబుల్ ఫ్యాను జాలీ రింగు కట్టాం, తెగిన తీగలు చుట్టూ ముళ్లలా పొడుచుకొచ్చేవి. వెనక నుంచి వేస్తే మూడు పాయింట్లు వచ్చే గీత ఎంత దూరమో కొలవడానికి టేపు లేదు. చీరలకు రాళ్లు అంటించే అమ్మ దగ్గర చీర ఉంది. రింగు కింది నుంచి పరిచాం, కొస ఎక్కడ ఆగితే అదే గీత. ఇక జాకెట్ ముక్కతో కలిపా, లేకుండానా అన్నది ఆ డాబా చరిత్రలో అతి పెద్ద తగాదా. అక్క కలపాలనేది. నేను వద్దనేవాణ్ణి, నా చేతులు చిన్నవి.

మే ఎండల్లో అక్క వాళ్ల నాన్న నర్సయ్య మామ సొంతూరికి బస్సు మాట్లాడాడు. సామానంతా కట్టేసి, మళ్లీ రాకుండా. అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఊళ్లో దింపితే చదువు ఆగుతుందని ఆమెకు తెలుసు. మూడో రోజు సాయంత్రం మామ డాబా ఎక్కి, నవ్వించడానికేమో, గట్టిగా అరిచాడు:

"గా బంతి రింగుల ఏస్తే ఉందాం బిడ్డా, లేకుంటే బస్సెక్కుదాం!"

ఆయన పరాచికానికే అన్నాడు. అక్క మాత్రం నిజమనే పట్టుకుంది. చీర పరిచింది.

"జాకెట్ ముక్కతోనేనా బాపూ?"

"తోనే!"

ఆమె కొసకు పోయి నిలబడింది. మోకాలు వంగింది, మోచెయ్యి లేచింది, అంతా ఇస్త్రీ అన్నే. బంతి చెయ్యి దాటగానే గిర్రున వెనక్కి తిరిగి రెండు చేతులతో మొహం మూసుకుంది. బుడ్డోడు అలా తిరిగేది ధీమాతోనే అని వేసవంతా వాదించినవాణ్ణి నేనే. ఆ రోజు మొదటిసారి అనుమానం వచ్చింది.

బంతి రింగు అంచుకు తగిలింది. పీలిక ఒకటి తీగకు చిక్కుకుని లోపలికీ పడక, బయటికీ పడక వేలాడింది. గల్లీ మొత్తం తలెత్తి చూసింది.

"పడ్డట్టా, పడనట్టా?" అన్నాను, ఎవరో ఒకరు అనాలి కాబట్టి.

మామ రింగు కిందికి పోయి తలెత్తి చూశాడు. మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. "సగం పడ్డది. సగం సామాన్ ఈడనే ఉండనియ్యి."

సగం సామాను మా ఇంట్లో పెట్టి పోయారు. సాంచలు మొదలయ్యాక ఆ సగం కోసమని తిరిగొచ్చారు. అక్క బళ్లో చేరింది, వాళ్ల ఇడ్లీ గిన్నె మాత్రం మేం ఇప్పటికీ ఇవ్వలేదు.

ఇప్పుడా డాబా మీద రేకుల షెడ్డు వేశారు. రింగు పాత సామాన్ల బండి ఎక్కింది. చిందీ బంతిని నానబెట్టి ఎవరో బండలు తుడిచేశారు. పోయిన నెల అక్కా నేనూ సూరత్‌లోనే అడాజన్ వైపున్న అసలు బాస్కెట్‌బాల్ కోర్టుకు పోయి, సరదాకు చీర పరిచి చూశాం. జాకెట్ ముక్క కలిపినా గీత దాకా రాలేదు. అంటే మా డాబా మీద ఎవరూ, ఎప్పుడూ, ఒక్క మూడు పాయింట్ల బంతి కూడా వేయలేదు.

అక్క నవ్వి అసలు గీత వెనక నిలబడి విసిరింది. ఈసారి వెనక్కి తిరగలేదు, చెయ్యి దించకుండా కడదాకా చూసింది. పడలేదు. బంతి ఎగిరెగిరి దానంతటదే మా కాళ్ల దగ్గరికి వచ్చేసింది. మా చిందీ బంతి ఎప్పుడూ అలా రాలేదు. ఎవరో ఒకరు పోయి తెచ్చుకోవాల్సిందే.