మాంసం పులుసులో జీవకణం

కాకినాడలో ఏసీ గదిలో కూర్చోబెడితే స్వెట్టర్ లేనివాడి గతి అంతే. రిమోట్ మీద పద్దెనిమిది తప్ప మరో అంకె ఉందని అక్కడెవరూ నమ్మరు. బయట మండిపోతోంది కాబట్టి, సగటున బాగానే ఉంటుందని కాబోలు.

అలాంటి ఒక గదిలో నేను జువాలజీ లెక్చరర్ పోస్టుకి డెమో క్లాసు చెప్పాలి. అంతకుముందు రెండు కాలేజీల వాళ్లు "తరవాత ఫోన్ చేస్తామండి" అన్నారు. నా ఫోన్ బాగానే పనిచేస్తోంది. ఇదీ పోతే తణుకులో మావయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలని ఇంట్లో తీర్మానం.

పాఠం నేనే ఎంచుకున్నాను: కణంలో గోడల్లేని గదులు. కేంద్రకం లోపల న్యూక్లియోలస్ ఉంటుంది. దానికి పొర లేదు, అయినా సామాను చెదిరిపోదు. కొన్ని ప్రోటీన్లూ ఆర్‌ఎన్‌ఏలూ ఒకదాన్నొకటి పట్టుకుని, చుట్టూ ఉన్న ద్రవంలోంచి విడిపడి బొట్లుగా చేరతాయి. రెండు బొట్లు తగిలితే ఒకటైపోతాయి. లోపలివి బయటికి, బయటివి లోపలికి తిరుగుతూనే ఉంటాయి.

చూపించడానికి గ్లాసుడు నీళ్లూ కాస్త నూనే చాలనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"ఉద్యోగానికెళ్తా నూనె గ్లాసు పట్టుకెళ్తావేంట్రా? చుక్కలు తేలడమేగా నీక్కావాల్సింది? మాంసం పులుసు చేసిస్తా. చూసేశాక నలుగురూ తింటారు."

శాస్త్రపరంగా నాకు అభ్యంతరం కనబడలేదు.

స్టీలు క్యారేజీకి తువ్వాలు చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. నా వంతు వచ్చేసరికి ఆ ఏసీ గదిలో గంటన్నర గడిచింది. మూత తీసి, "బొట్లు ఎలా కలుస్తాయో చూడండి" అంటూ గరిటె పెట్టాను. గరిటె దిగలేదు. కొవ్వంతా తెల్లగా పేరుకుపోయి ఉంది.

ప్రిన్సిపాల్ మేడమ్ కళ్లజోడు సవరించుకున్నారు. "కలుస్తున్నాయాండీ?"

"లేదండి. ఇది రెండో పాఠమండి," అన్నాను. "కొన్ని నరాల జబ్బుల్లో, కణంలో పారాల్సిన బొట్లు ఇలాగే గట్టిపడిపోతాయండి."

అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న కరస్పాండెంట్ గారు తలెత్తారు. "మరి కరిగేదెలాగండీ?"

"పులుసైతే వేడి చేస్తే చాలండి. కణం సంగతి ఇంకా వెతుకుతున్నారు."

ఆయన క్యారేజీని హాస్టల్ వంటింటికి పంపించారు. అది పొగలు కక్కుతూ తిరిగొచ్చింది, పైన ఎర్రటి బొట్లు తేలుతూ. గరిటె కొసతో రెండింటిని దగ్గరికి నెట్టాను. చటుక్కున ఒకటైపోయాయి. మేడమ్ "అబ్బో!" అన్నారు. ఎరువుల కొట్టు నాకు కాస్త దూరం జరిగినట్టనిపించింది.

ఈలోగా ఎవరో కంచాలు తెచ్చారు.

కరస్పాండెంట్ గారు మూలగ ఎముక చివరిదాకా పీల్చి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాక, గొంతు సవరించుకుని అడిగాను. "మరి పోస్టు విషయమండీ..."

"పులుసు చేసిందెవరు?"

"మా అమ్మండి."

"మా హాస్టల్లో ఆవిడకైతే ఉద్యోగం ఇప్పుడే ఇచ్చేస్తానండి."