నేను ఒక్క మాటా కలపలేదు

గల్ఫ్‌లో, నయీమ్ పేటలోని మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఇంగ్లిషు ప్రసంగాలను తెలుగులో చెప్పే పని నాదే. ఒక శుక్రవారం పాస్టరుగారు అందరి ముందూ, "మన బ్రదర్ సొంత మాటలు బాగా కలుపుతున్నారు. ఇకనుంచి సిస్టర్ చెబుతారు" అన్నారు. జనం నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

అద్లియాలో నేను క్యాషియర్‌గా ఉన్న కెఫేకి రోజూ ఒక పెద్దాయన వచ్చి, కిటికీ పక్కన కూర్చుని రాసుకునేవారు. బెల్జియంలో ఫ్లెమిష్ మాట్లాడే ప్రాంతం ఆయనది. ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. ఆయన కథల్లో చనిపోయినవాళ్లు కాఫీకి వస్తారు, కాలువ మెట్లెక్కి ఇంట్లో కూర్చుంటుంది, ఎవరూ ఆశ్చర్యపోరు. తన దేశంలో అందరూ మెచ్చుకుంటారు గానీ ఒక్కరూ నమ్మరని ఆయన బాధ. బాధల విషయంలో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

పాటలు వింటానని ఆయన ఒకసారి మా ఆరాధనకు వచ్చారు. ఆ రోజు సిస్టర్ ఉద్యోగంలో డ్యూటీ పడి రాలేదు. కొత్తగా వచ్చినవారు లేచి, దేవుడు తమకు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పడం మా ఆనవాయితీ. పాస్టరుగారు నాకు మైకిస్తూ, "ఒక్క మాట కూడా కలపొద్దు. బాగా చెబితే ఈ పని మళ్లీ మీకే" అన్నారు.

పెద్దాయనకు కథ చెప్పడం తప్ప ఇంకేమీ రాదు.

"మా అమ్మమ్మ పోయిన మూడో రోజున వచ్చి పొయ్యి వెలిగించింది. ఆ వేడికి కాలువ మీద మంచు కరిగి, చిక్కుకున్న పడవలు ఇళ్లకు చేరాయి."

ఆయన ఇంగ్లిషును నేను ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను.

"స్తోత్రం!" అని వెనకనుంచి ఒక అక్క అరిచింది. తర్వాత హాలంతా అందుకుంది.

ఇది కథ అని నాకు తెలుసు. ఆయన ఆ మాట అనలేదు. ఆ మాట నేను అంటే కలిపినట్టే కదా.

ఆరాధన అయ్యాక ఆ అక్క వచ్చి, "అయ్యా, మా ఆయన పడవ మీద పనికెళ్లాడు. ప్రార్థన చెయ్యండయ్యా" అంది. నేను ఇంగ్లిషులో చెప్పగానే పెద్దాయనకు కళ్లు చెమర్చాయి. ఆ పడవ పేరు అడిగారు.

టీ దగ్గర ఆయనే సంతోషంగా, అది తన పుస్తకంలోని కథేనని పాస్టరుగారితో చెప్పేశారు.

"ముందే ఎందుకు చెప్పలేదు బ్రదర్?"

"మీరే కదా అయ్యగారూ, కలపొద్దన్నారు! మరి వచ్చే వారం మైకు?"

"సిస్టర్‌కే."

మర్నాడు కెఫేలో పెద్దాయన కొత్త కథ మొదలుపెట్టారు. అందులో నేనున్నానా అని అడిగాను. ఒక అనువాదకుడు ఉన్నాడట. ప్రతి వాక్యానికీ సొంత వాక్యం ఒకటి తగిలిస్తాడట.

ఆ రోజు ఆయన కాఫీతో నేను చక్కెర పంపలేదు. అడిగినా పంపలేదు.