వరసలోంచి జరిగిన స్ట్రిప్పు

విమానాలకు దారి చెప్పే మా పనిలో ఒక మర్యాద ఉంది. రాడార్ ముందు కూర్చున్నవాడితో పక్కవాడు మాట్లాడకూడదు. మాట్లాడితే చెవిలో పైలట్ మాట పోతుంది. ఏదైనా తేడాగా కనిపిస్తే ఆ విమానం స్ట్రిప్పును వరసలోంచి కొంచెం బయటికి లాగాలి, అంతే. స్ట్రిప్పంటే విమానం పేరూ ఎత్తూ రాసుకునే కాగితం ముక్క. పైలట్‌కి ఎత్తు చెప్పాక, అతను దాన్ని తిరిగి చెబితేనే అక్కడ టిక్కు పెట్టాలి.

ఎనభైల్లో బహ్రెయిన్‌లో పనిచేసిన రోజుల్లో ఈ మర్యాదలంటే నాకు ఒళ్లు మండేది. ఆ మధ్యాహ్నం మరీ మండింది. ఉత్తరాన యుద్ధం, అటు పోవాల్సిన విమానాలు కూడా మా నెత్తినే పడ్డాయి. నా డ్యూటీ అయిపోయింది. నా సీట్లో కూర్చోవాల్సిన బహ్రెయినీ పెద్దాయన వచ్చి, పక్కన కూర్చుని హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. నేను లేవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు విమానాల మధ్య ముడి పడి ఉన్నప్పుడు మనిషి మారకూడదు. చూస్తున్నవాడే దాన్ని విప్పి లేవాలి. తాపీగా చాయ్ తాగుతున్న ఆ మనిషి పీక పిసకాలనిపించింది.

ముడి ఇది. బొంబాయి నుంచి వచ్చే విమానం కిందికి దిగుతోంది. ఇక్కణ్ణుంచి లేచిన మరొకటి అదే దారిలో ఎదురుగా ఎక్కుతోంది. రెంటి మధ్యా ఎత్తులో వెయ్యి అడుగుల తేడా ఉండితీరాలి. ఎయిర్‌పోర్టు పక్కనున్న ముహర్రక్ ఊళ్లో నా పక్క గదిలో ఉండే కరీంనగర్ అన్న, సెలవు ముగించుకుని ఆ బొంబాయి విమానంలోనే వస్తున్నాడు. ఆ సంగతి నాకు తెలియకపోయుంటే బాగుండేది.

బొంబాయి విమానాన్ని పదిహేను వేల అడుగుల దగ్గర ఆగమన్నాను. ఆగుతానన్నాడు, టిక్కు పెట్టాను. ఎక్కేదాన్ని పద్నాలుగు వేల దగ్గర ఆగమన్నాను. సరిగ్గా అప్పుడే ఇంకో పైలట్ ఎవడో మైకు నొక్కాడు. చెవిలో కీచుమని రొద. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు, అందరికీ తొందరే! ఒక్కొక్కడికీ జవాబు చెప్పుకుంటూ పోయాను.

పెద్దాయన చాయ్ కప్పు కింద పెట్టాడు. ఒక స్ట్రిప్పు వరసలోంచి బయటికొచ్చింది.

దాని మీద టిక్కు లేదు.

తెర మీద చూస్తే ఆ విమానం పద్నాలుగు వేలు దాటి ఎక్కుతూనే ఉంది. పిలిచాను, రొద. మళ్లీ పిలిచాను, పలకలేదు. బొంబాయి విమానాన్ని పిలిచి వెంటనే కుడికి తిరగమన్నాను. రాడార్ గీత ఒక చుట్టు తిరిగి వస్తేగాని చుక్క జరగదు. గీత వచ్చింది, అన్న ఉన్న చుక్క తిన్నగానే ఉంది. నాకు భయమేసింది. పుట్టాక అంత భయం ఎప్పుడూ ఎరగను. తర్వాతి చుట్టుకి చుక్క పక్కకి జరిగింది. రెండూ ఎడంగా దాటుకున్నాయి.

"ఖలాస్. ఇప్పుడు లే," అన్నాడు పెద్దాయన. ఆయనే భుజం పట్టి లేపాడు.

సాయంత్రం గదికెళ్లేసరికి అన్న గుమ్మంలో సామాన్ పడేసి తిడుతున్నాడు.

"ఏం పైలట్ తమ్మీ వాడు! సక్కగ వచ్చే బండిని ఒక్కపారే పక్కకు ఒరగేసిండు. ఈడ తొడుగుదామని కుట్టిచ్చుకున్న కొత్త అంగీ, చాయంత దీని మీదనే వడ్డది. నువ్వు గాడనే పని చేస్తవు గద, వానికి జర చెప్పరాదు?"

"చెప్తాను అన్నా. ముందు ఆ చొక్కా ఇటివ్వు," అన్నాను.

ఆయన వద్దంటున్నా కుళాయి కింద పెట్టి ఉతికాను. ఎంత రుద్దినా మరక పోలేదు. ఉత్త చాయ్ మరకే కదా అనుకోగానే ఏడుపొచ్చేసింది.