గడపరాయి దొర

టార్క్విల్ గిలీస్ చెడ్డవాడు కాడు, మొండివాడు. ఇన్నేళ్లు పక్కింట్లో ఉన్నాను కాబట్టి ఆ తేడా నాకు తెలుసు. బతుకంతా పరాయివాళ్ల గొర్రెలు కాశాడు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు ఊనా వండిపెట్టింది తిని, వానను తిట్టుకుంటూ పడుకునేవాడు.

వాళ్లు పుట్టిన ఇల్లు పై కొండ మీద ఉండేది. తండ్రి అక్కడి దొరకు గొర్రెల కాపరి. ఆయన పోయి వారం తిరక్కుండానే, కొత్త కాపరికి కావాలని దొర ఇల్లు ఖాళీ చేయించాడు. కొత్త కాపరి రానే లేదు. కప్పు కూలింది, గడపరాయి మిగిలింది. అప్పట్నుంచీ వాళ్లింట్లో దొర అన్న మాట బూతు కింద లెక్క.

ఈమధ్య ఆ కొండను ఒక కంపెనీ కొంది. తాళ్లు కట్టి, రెండు పాదాలు పట్టేంత ముక్కలుగా కోసి అమ్మకానికి పెట్టింది. ముక్క కొన్నవాళ్లందరికీ దొర బిరుదుతో ఒక కాగితం. ఎక్కడెక్కడివాళ్లో పుట్టినరోజు కానుకగా ఇచ్చుకుంటారు. వేసవిలో వచ్చి, తమ నేల మీద నిలబడి ఫొటో దిగి పోతారు. కంచె వేశారు. యజమానులకు తప్ప లోపలికి దారి లేదు.

పాత ఇంటి ముందున్న ఎర్రపండ్ల రోవన్ చెట్టు తుఫానుకు పడిపోయింది. గుమ్మంలో రోవన్ లేకపోతే దిష్టి కొడుతుందని మావాళ్ల నమ్మకం. ఆ చెట్టు పండ్ల గింజతోనే ఊనా వంటింటి కిటికీలో మొక్క పెంచింది. డాక్టర్లు పెదవి విరిచాక ఆమెకు మిగిలింది ఒక్కటే కోరిక: పోయేలోగా అది ఆ గుమ్మంలో నాటాలి. కుండీ పట్టుకుని వెళ్తే, "అది ఒకరి సొత్తు పెద్దమ్మా" అని గేటు దగ్గరే తిప్పి పంపారు.

దాంతో గడపరాయి పక్క ముక్కను అన్న పేరున కొంది. తన తర్వాత చెట్టును చూసేవాడు అతనే కదా. అతని పుట్టినరోజున, నా ఎదుటే కాగితం చేతిలో పెట్టింది.

"దొరనా? నన్నా?" అన్నాడు టార్క్విల్. "నాన్న శవం లేచిన గుమ్మం నుంచి మనల్ని గెంటింది ఎవడే?"

"పేరుకేంలే అన్నయ్యా, మొక్క కోసం. ఒక్కసారి నాతో రా. ఇప్పుడు ఒక్కదాన్నే ఎక్కలేను."

"ఆ పేరు పెట్టుకుని నేను రాను. నీకు సిగ్గు లేకపోతే నువ్వెళ్లు."

కాగితాన్ని పొయ్యిలో పడేశాడు. చలికాలమంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె టీ ఇస్తే తాగేవాడు, అంతే. నాకు ఒళ్లు మండి, "బండరాయి నయం" అని ముఖం మీదే అన్నాను. మంచు కరగకముందే ఊనా పోయింది.

వసంతంలో ఒకరోజు టార్క్విల్ కుండీ చంకన పెట్టుకుని మా తలుపు కొట్టాడు. "తోడు రా" అన్నాడు. చిన్న వాన పడుతోంది. గేటు దగ్గర గొడుగు కింద ఒక పిల్ల కూర్చుని ఉంది.

"దొరలకే ప్రవేశం తాతగారూ. మీరు...?"

అతను నా వైపు చూశాడు. టోపీ తీసి చేతిలో నలిపాడు.

"నేనేనమ్మా. గడపరాయి దగ్గరి దొరని."

ఆ పిల్ల జాబితాలో పేరు చూసి గేటు తీసింది. గడపరాయి పక్కన మొక్క నాటాడు. మట్టి అదిమాక కూడా చాలాసేపు మోకాళ్ల మీదే ఉండిపోయాడు. దిగి వస్తుంటే ఆ పిల్ల, "మళ్లీ రండి దొరగారూ" అంది.

"రావాలిగా, లేకపోతే మొక్కను లేళ్లు తినేస్తాయి" అన్నాడు టార్క్విల్. తర్వాత నాతో, "ఎక్కడానికి కాసేపేగా పట్టింది" అని ఏడ్చాడు.