అంచు మీద రెండు తేదీలు

అమెరికా ఉత్తరాన డులూత్‌లో మా వీధి చివరి హార్డ్‌వేర్ షాపులో ఫిల్టర్ల వరస ముప్ఫై ఒక్క ఏళ్లుగా వెర్నా హౌకలాదే. ఇల్లంతా వేడిగాలి పంపే ఫర్నేసుకి గాలి వడకట్టే ఆ అట్టచట్రాల కోసం ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతుంది, పాతది తెచ్చారా అని. కొలత కోసమనుకుంటారు జనం. కొలత అంచు మీదే రాసుంటుంది. ఆమె చూసేది మురికి. ట్యూబులైటు కేసి ఎత్తిపట్టి కుక్క వెంట్రుకలో, రంపప్పొట్టో, కట్టెల పొగో చెప్పేస్తుంది. ఎవరింటికి కుక్కపిల్ల వచ్చిందో నాకు చాలాసార్లు ఆవిడ దగ్గరే తెలిసింది.

జనవరిలో జరిగిన ఈ సంగతీ ఆవిడ చెప్పిందే. ఖనిజం ఓడల రేవులో పనిచేసి రిటైరైన ఆరిన్ స్కోగ్లండ్ వచ్చాడు. బళ్లో వెర్నా కంటే రెండేళ్లు పెద్ద. అతని భార్య లెనోర్‌కి ఉబ్బసం. నిరుడు వేసవిలో అడవులు కాలి ఊరంతా పొగ కమ్మినప్పుడు ఆవిడ రెండుసార్లు ఆస్పత్రిలో చేరింది. ఆ భయంతో ఆరిన్ వెర్నా సెలవులో ఉండగా వచ్చి, అరలో అన్నిటికంటే పెద్ద నంబరు, పదమూడు, ఏరుకుపోయాడు. నంబరు పెరిగేకొద్దీ సన్నటి ధూళి కూడా ఆగుతుంది. అంతవరకూ నిజమే.

ఇప్పుడేమో ఫర్నేసు కాసేపు మండి ఆరిపోతోంది. మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. ఇల్లు వెచ్చబడదు. చలికి లెనోర్ దగ్గు తిరగబెట్టింది. ఆదివారంలోగా ఇల్లు కుదుటపడకపోతే మంచు కరిగేదాకా వెచ్చటి అరిజోనాలో చెల్లెలి దగ్గరుంటానందట. పెళ్లయిన నలభై ఎనిమిదేళ్లలో వాళ్లు వారం రోజులు విడిగా ఉన్నది లేదు. ఆ మాట కూడా ఆరిన్ రేపు మంచు పడుతుందన్నట్టే చెప్పాడు.

వెర్నా ఫిల్టరు పైకెత్తింది. వెలుగు రాలేదు. నడిమి భాగం లోపలికి వంగిపోయింది. అంచు మీద మార్చిన తేదీ రాసుకోవడం మా వాళ్లందరికీ అలవాటే. దీనిమీద సెప్టెంబరు కొట్టేసి నవంబరు అని ఉంది.

"ఏవయ్యా ఆరిన్, దీనికి రెండు పుట్టినరోజులా?"

"వ్యాక్యూమ్ పెట్టి దులిపి మళ్లీ పెట్టా. బానే ఉందిగా, పారెయ్యడం దేనికని."

పైపొడే వస్తుంది గానీ మడతల్లో ఇరుక్కున్నది ఎక్కడికి పోతుందని వెర్నా అడిగింది. పెద్దవాళ్లై వెళ్లిపోయిన పిల్లల గదుల్లో వేడిగాలి వచ్చే జల్లెళ్లు తెరిచే ఉన్నాయా అని కూడా.

"మూసేశా. అక్కడెవరున్నారు?"

వెర్నా కళ్లద్దాలు తీసింది. "లెనోర్‌కి ఆయాసమొస్తే మొహమ్మీద దుప్పటి కప్పుతావా? అంత బిగువు ఫిల్టరుతో ఫర్నేసుకి నువ్వు చేసింది అదే. గాలాడక ఒళ్లు కాగిపోయి, కాలిపోకుండా తనంతట తనే ఆరిపోతోంది."

ఆరిన్ అరలోంచి చిన్న నంబరుది ఒకటి తీసి చూశాడు. "నంబరు తగ్గిస్తే దుమ్మంతా లెనోర్ గుండెల్లోకి పోదూ?"

అతన్ని ఇక్కడిదాకా తెచ్చింది ఆ భయమేనని అప్పుడర్థమైంది వెర్నాకి. గొంతు తగ్గించి చెప్పింది. అంగుళం మందం చట్రానికి ఎనిమిదో నంబరు చాలు, నెలనెలా మార్చు, కడగొద్దు, దులపొద్దు. జల్లెళ్లన్నీ తెరువు. పడగ్గదిలో గాలి శుభ్రం చేసే మిషను విడిగా పెట్టు. పెద్ద నంబరే కావాలంటే వేసవిలో నాలుగంగుళాల ఫిల్టరు పట్టే పెట్టె బిగించుకో, దానికి మడతలెక్కువ, గాలి ఆడుతుంది.

ఫిబ్రవరిలో ఆరిన్ పాతది చంకన పెట్టుకుని వచ్చాడు. వెర్నా ఎత్తి చూసింది. వెలుగు మసగ్గా వచ్చింది. అంచు మీద ఒకటే తేదీ, సన్నగా పక్కకి వాలిన అక్షరాలతో. అది ఆరిన్ రాత కాదు.

"లెనోర్ పెన్ను ఇంక నాకివ్వదట," అన్నాడు.